ప్లేటు మీది పేరు

ఆయన పోయిన సంగతి నాకు రాజంపేటలో ఒక పెళ్లి పందిట్లో తెలిసింది. డోన్ నుంచి వచ్చిన ఒకాయన భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చుని, ఆకులో మజ్జిగ పోయించుకుంటూ, "మీరు మా ఊర్లో పనిచేసినారంట గదా. బట్టలంగడి శెట్టి పోయినాడు, తెలిసిందా?" అన్నాడు. తెలియలేదన్నాను.

"కడాకు మంచంలో పడినాడు. పక్కన మనవడు రేడియో పెట్టినాడంట. ఎవరో పాడతాండారు. ఈయన కండ్లు తెరిచి, 'ఆ గొంతు ఆపప్పా, దాన్ని వింటా పోవల్లనా నేను' అన్న్యాడంట. ఆపినారు. మళ్ల నోరు తెరవలేదు."

చెప్పినాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఎదుటి వరసలో ఎవరో తలెత్తి చూశారు. మనిషి పోయాడని విని నవ్వకూడదు, నిజమే. కానీ పోతూ పోతూ కూడా ఒక పాటగాడికి సున్నా వేసి పోయాడంటే, అది ఆయనే అని నమ్మడానికి నాకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది.

ఆయన పేరు రాయను. పిల్లలున్నారు, అంగడి ఇప్పటికీ నడుస్తోందట. పైగా నేను రాయబోయేది పొగడ్త కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రెండు మూడేళ్లలో నేను డోన్ స్టేషన్లో పార్సిలాఫీసు గుమాస్తాను. పెళ్లి కాలేదు. ఊరు కొత్త. సాయంత్రం డ్యూటీ దిగితే ఎక్కడికి పోవాలో తెలియదు. బజారు వీధిలో ఒక బట్టలంగడి అరుగు మీద గ్రామఫోను ఉందనీ, సాయంత్రాలు నలుగురూ చేరి పాటలు వింటారనీ ఎవరో చెబితే పోయాను. పోయిన మొదటి రోజే నాకు చీవాట్లు పడ్డాయి. పాట అయిపోయాక, మర్యాదకు, "బాగుంది" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "ఏం బాగుండాది? రాగమా, గొంతా, మాటా?"

"అన్నీ బాగున్నాయండీ."

"అన్నీ బాగుండాయి అంటే ఏమీ వినలేదని," అని చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. వాళ్లు నవ్వారు. మర్నాడు మళ్లీ పోయాను. ఆ ఊళ్లో వేరే గ్రామఫోను లేదు మరి.

ఆయన వినేది ఒక్క మేళాన్నే. అన్నదమ్ముల మేళం అని కడప వైపు ముగ్గురు పాటగాళ్లుండేవారు. పెద్దాయన పాడతాడు, నడిపాయన హార్మోనియం, చిన్నాయన పాటలు కట్టి వంత పాడతాడు. తిరునాళ్లలో పాడేవారు, గ్రామఫోను ప్లేట్లు ఇచ్చేవారు. నాలుగు ప్లేట్లలో ఒక కథ మొత్తం వస్తే దాన్ని సెట్టు అనేవాళ్లం. పుస్తకంలాంటి అట్టపెట్టె, పైన బంగారు రంగు అక్షరాలతో పేరు. వాళ్లవి ఎన్ని సెట్లు వచ్చాయో అన్నీ ఆయన దగ్గరున్నాయి, ఒక బీరువాలో, పట్టుచీరల పై అరలో.

ప్లేటును ఆయన రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకునేవాడు. ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. "చెమట చేతులు" అనేవాడు, మనం చెయ్యి చాచకముందే. ముల్లు మార్చి, కీ ఇచ్చి, పాట మొదలయ్యే ముందు ఎడమచెయ్యి గాలిలోకి ఎత్తేవాడు. ఇక అంగట్లో బేరమాడే ఆడవాళ్లు కూడా నోరు మూయాల్సిందే. ఒకసారి పెళ్లిబట్టలకు వచ్చిన పెద్ద కుటుంబం ఆ చెయ్యి దిగేదాకా నిలబడి, విసిగి, పక్క అంగడికి పోయింది. అంగట్లో ఉన్న ఆయన తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. ఈయన నిమ్మళంగా, "పోనీలే. ఆ పెండ్లికూతురి అమ్మ చరణం మధ్యలో తుమ్మింది" అన్నాడు.

వినేటప్పుడు ఒక కన్ను మూసేవాడు. తల ఊపేవాడు గానీ మెచ్చుకోలుతో కాదు. తప్పు దొరికిన చోట ఊపేవాడు. ప్రతి కొత్త ప్లేటూ వెనకటి దానికంటే నాసి. వెనకటిది వచ్చినప్పుడు అది దాని వెనకటి దానికంటే నాసి. అలా వెనక్కి పోతే మొట్టమొదటి ప్లేటు ఒక్కటే మిగులుతుంది. దాన్ని కూడా ఆయన, "గొంతు లేతది. ఇంకా పండలేదు" అనేవాడు. అయినా వాళ్ల మీద ఇంకొకడు ఒక్క మాటన్నా ఊరుకునేవాడు కాదు. తిట్టే హక్కు తనకొక్కడికే ఉన్నట్టు.

మేళానికి ఉత్తరాలు కూడా రాసేవాడు. అంగడి బిల్లు కాగితాల వెనక, ఏ ప్లేటులో ఏ వైపున ఏ చరణంలో ఊపిరి ఎక్కడ తప్పిందో వివరంగా. జవాబు ఎన్నడూ రాలేదు. "సిగ్గుపడి రాయలేదు" అనేవాడు. ఒకనాడు ఆయన బీరువా సర్దుకుంటూ, ఎవరూ లేరనుకుని కూనిరాగం తీస్తుంటే నేను వెనక నిలబడి విన్నాను. ఆయనకు శ్రుతి లేదు. బొత్తిగా లేదు. ఆ సంగతి తెలిసి కూడా నేను ఎవరికీ చెప్పలేదు, భయంతో.

అరుగు మీద ఒక మూల ఖాదర్ కుట్టుమిషను ఉండేది. ఆయన గుడ్డ చించితే ఖాదర్ కుట్టేవాడు. పదకొండేళ్లుగా అదే చోటు. నా వయసువాడే, సన్నగా, ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూది. ఒక పాట రెండుసార్లు వింటే వాడికి మాటలన్నీ వచ్చేసేవి. మిషను తొక్కుతూ మెల్లగా పాడుకునేవాడు. గొంతు గొప్పది కాదు, కానీ శ్రుతి ఉంది. ఆయన ఎడమచెయ్యి లేచినప్పుడు మాత్రం మిషనూ ఆపేవాడు, పాటా ఆపేవాడు.

ఒకనాడు మద్రాసు నుంచి పార్సిలు దిగింది. అన్నదమ్ముల కొత్త ప్లేటు, ఒక్కటే. కవరులో చిన్న అచ్చుకాగితం. అందులో, ఈ పాట రాబోయే సెట్టులోదని, ఆ సెట్టు పేరు 'గంజి కేంద్రం' అని ఉంది.

రెండు మూడేళ్ల కిందటి కరువు ఎవరూ మరిచిపోలేదు. ఊరూరా సర్కారు గంజి కేంద్రాలు పెట్టి గంజి పోసిన రోజులు అవి. కానీ ప్లేట్లలో అది ఎవరూ పాడలేదు. ప్లేట్లలో దేవుళ్లుండేవారు, రాజులుండేవారు, రాణులు అడవుల్లో ఏడ్చేవారు. ఈ పాటలో ఒక ఆడమనిషి ముంత పట్టుకుని గంజి వరసలో నిలబడి ఉంది.

"ముంత చేత పట్టి వచ్చితి, ముందు ఎందరు ఉండిరో
పొద్దు వాలేలోగ నా వంతు వచ్చునో, రాదో"

హార్మోనియం లేదు. డప్పు ఒక్కటే, అదీ దూరాన ఎక్కడో కొడుతున్నట్టు. పెద్దాయన గొంతు ఎత్తకుండా, మాట్లాడుతున్నట్టుగా పాడాడు. ముల్లు చివరికి వచ్చి గరగరలాడేదాకా ఎవరం కదల్లేదు. ఖాదర్ చేతిలో చొక్కా కాలరు అలాగే ఉండిపోయింది.

ఆయన ముల్లు ఎత్తాడు. "ఇది పాటనా?" అన్నాడు. "రాగం లేదు, ఆలాపన లేదు. డప్పొకటి పెట్టుకోని ఏడిసినాడు. పద్దెనిమిదేండ్లు దేవుండ్లను పాడిన గొంతప్పా అది."

ఇక పదిరోజులు ఆ అరుగు మీద వేరే మాట లేదు. పాట సంగతి ఆయన తేల్చేశాడు కాబట్టి మిగిలింది పేరు. బడి పంతులు ఒకాయన వచ్చేవాడు, ఆయన 'కేంద్రం' అన్నది సర్కారు మాట అనీ, కావ్యానికి పనికిరాదనీ అన్నాడు. కాఫీ హోటలాయన, ఆ పేరు చూస్తే జనం ప్లేటు అనుకోరు, తాసీల్దారాఫీసు నోటీసు అనుకుంటారన్నాడు. నేనూ తక్కువ తినలేదు. చాలాసేపు ఆలోచించి, గంజి తీసేసి కేంద్రం ఒక్కటే ఉంచితే ఎలా ఉంటుందన్నాను. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆయన మా అందరి మాటలూ విని పెదవి విరిచేవాడు. "మీకెవురికీ తెల్దు. పేరంటే పలికితే నోరు నిండాల. గంజి అంటే ఏం నిండుతాది?"

ఖాదర్ ఆ పదిరోజులూ ఏమీ అనలేదు. పదో రోజో పదకొండో రోజో, గుండీలు కుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "నాకు ఆ పేరే బాగుండాది శెట్టీ. ఉన్న పేరే గదా పెట్టినారు."

"నీకు బాగుంటే సరిపోయిందా? ప్లేట్లు కొనేదెవరు? ఆ వరసలో నిలబడినోళ్లు కొంటారా? వాళ్ల ఇండ్లలో గ్రామఫోను యాడుండాది? అడుక్క తినేవాళ్ల మీద సెట్టు తీసి, బంగారక్షరాలతో పేరు వేసి, నేను పట్టుచీరల పైన పెట్టుకోవల్ల. అంతేనా?"

ఖాదర్ దారం తెంపాడు. "మా యమ్మ నిలబడింది శెట్టీ."

అరుగు మీద నలుగురం ఉన్నాం.  పదకొండేళ్లు ఒకే అరుగు మీద పగలంతా కూర్చున్న మనిషి. ఆ కరువులో అంగట్లో బేరం లేక, కుట్టడానికి గుడ్డ లేక వాడు ఏం తిన్నాడో, వాడి ఇంట్లో ఏం వండారో ఆయన అడగలేదన్నమాట. నేను అప్పటికి ఆ ఊళ్లో లేను. కానీ ఆ సాయంత్రం ఉన్నాను, ఉండి ఏమీ అనలేదు. గోడమీది బల్లిని చూశాను.

ఆ మాట దగ్గర ఇంకెవరైనా తగ్గేవాడు. ఆయన ఒక్క క్షణం ఆగాడు, నిజమే. తరువాత, "నిలబడితే నిలబడనీ. కష్టం ఎవురికి రాలేదు? దాన్ని తెచ్చి పాట చేయల్లనా అంటాండా" అని, పంతులు వైపు తిరిగి, డప్పుకు బదులు మృదంగం పెట్టి ఉంటే ఎంత నిండుగా ఉండేదో చెప్పడం మొదలుపెట్టాడు.

ఖాదర్ చేతిలో చొక్కా పూర్తి చేశాడు. గుండీలన్నీ కుట్టి, మడతపెట్టి, ఆయన తమ్ముడి చేతికి ఇచ్చాడు. మర్నాడు పొద్దున వాడూ వాడి బావమరిదీ కలిసి మిషను ఎత్తి, వీధి దాటించి, ఎదురుగా సోడాల అంగడి పంచలో పెట్టుకున్నారు. ఏ గొడవా లేదు. ఆనాటినుంచి జనం ఇక్కడ గుడ్డ చించుకుని, వీధి దాటి అక్కడ కొలతలిచ్చేవారు. ఆయన, "నీడ ఎక్కువని పోయినాడు" అన్నాడు. సోడాల అంగడి పంచలో మధ్యాహ్నం నిలువునా ఎండ.

ఆ చైత్రంలో ఒంటిమిట్ట తిరునాళ్లకు అన్నదమ్ములు వస్తున్నారని తెలిసింది. ఆయన పోదామన్నాడు. నాకు రైల్వే పాసు ఉంది కాబట్టి, గుంతకల్లులో బండి మారేటప్పుడు మనిషి తోడుండాలి కాబట్టి, నన్ను లేవదీశాడు. దారిపొడుగునా పెద్దాయనతో తాను ఏమేం చెప్పబోతున్నాడో నాకు ఒప్పజెప్పాడు. కడప దాటేసరికి నాకు కంఠస్థం వచ్చింది.

సత్రంలో వెనక వసారాలో దొరికారు వాళ్లు. నేను ప్లేట్లలో విన్న ఆ గొంతుకు ఎంత పెద్ద మనిషి ఉంటాడో అనుకున్నాను. పొట్టి మనిషి, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని, గ్లాసుతో మిరియాల కషాయం తాగుతున్నాడు. జలుబు చేసిందట. పక్కన చిన్నాయన ఉతికిన పంచెలు తీగమీద ఆరేస్తున్నాడు.

ఈయన తాను ఎవరో చెప్పుకున్నాడు. పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "బిల్లు కాగితాల మీద ఉత్తరాలు రాసేది మీరేనా సామీ?"

"నేనే."

"అన్నీ దాచినాం," అన్నాడు పెద్దాయన. ఏ ఉద్దేశంతో అన్నాడో తెలియదు. ఈయన దాన్ని గౌరవంగానే తీసుకున్నాడు. కూర్చుని మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ల నుంచి వింటున్న సంగతి, ఊపిరి తప్పిన చోట్లు, కొత్త పాటలో రాగం లేకపోవడం, చివరికి పేరు.

"ఆ పేరు మీ మేళానికి తగదు. కొనేవాణ్ణి, నేను చెప్తాండా. ఇంట్లో లక్ష్మీ పటం కింద గంజి పెట్టుకుంటామా?"

చిన్నాయన పంచె తీగమీద వేసి ఇటు తిరిగాడు. "మీరు యాడన్నా వరసలో నిలబడినారాప్పా?"

"రైలు టిక్కెట్టుకు నిలబడినా," అన్నాడు ఈయన, అదేదో పెద్ద జవాబైనట్టు.

చిన్నాయన నవ్వలేదు, కోపగించలేదు. ఖాళీ బక్కెట్టు తీసుకుని లోపలికి పోయాడు. ఆ పాట కట్టింది ఆయనే.

పెద్దాయన మాత్రం ఇబ్బందిపడ్డాడు. ప్లేట్ల కంపెనీవాళ్లు కూడా పేరు విని ముఖం చిట్లించారట. "మీ మాదిరి పాతవాళ్లే వద్దంటే మేము ఎవురికి పాడాల? పోనీ, మీకేం పేరు బాగుంటాదో చెప్పండి."

ఇంతకంటే ఏం కావాలి ఈయనకు? "అన్నపూర్ణా కటాక్షము," అన్నాడు. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీదే తయారుచేసి పెట్టుకున్న పేరది. చివర 'ము' పోకూడదని రెండుసార్లు చెప్పాడు. పెద్దాయన దాన్ని మెల్లగా ఒకసారి పలికి చూసుకున్నాడు, "మంచిది సామీ" అన్నాడు. తిరుగు బండిలో ఈయన కిటికీ పక్కన కూర్చుని, ఎదురుగా ఎవరో దండ పట్టుకుని నిలబడ్డట్టు మెడ నిటారుగా పెట్టుకున్నాడు. నాకూ కొంచెం గర్వంగానే ఉండింది, ఎందుకో.

వానాకాలం మొదట్లో పార్సిలు వచ్చింది. నాలుగు ప్లేట్ల సెట్టు. అట్ట మీద బంగారక్షరాలతో 'అన్నపూర్ణా కటాక్షము'. 'ము' పోలేదు.

ఆ సాయంత్రం అరుగు నిండింది. ఆయన అట్టను అందరికీ చూపించాడు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. మొదటి ప్లేటు పెట్టాడు. హార్మోనియం ఉంది, మృదంగం ఉంది, ఆలాపన ఉంది. రెండో ప్లేటు రెండో వైపు ఆ పాట వచ్చింది. వచ్చిందంటే, దాని వరస వచ్చింది. ముంత పోయి 'పాత్ర' అయింది. గంజి పోయి 'ప్రసాదము' అయింది. వరసలో నిలబడిన ఆడమనిషి గుడి ముందు నిలబడిన భక్తురాలైంది. పొద్దు వాలే గొడవే లేదు. పెద్దాయన గొంతెత్తి, నిండుగా, శ్రద్ధగా పాడాడు. ఈయన ఉత్తరాల్లో చూపిన చోట్ల ఎక్కడా ఊపిరి తప్పలేదు.

ఆయన ముల్లు ఎత్తాడు. పంతులు, "ఇప్పుడు కావ్యంగా ఉంది" అన్నాడు.

"చెడగొట్టినారు," అన్నాడు ఆయన.

మేము ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

"ప్రాణం తీసేసినారు. ఎవురో వచ్చి చెప్తే పేరు మార్చుకునేవాడు పాటగాడా? మాట మార్చుకునేవాడు పాటగాడా? పద్దెనిమిదేండ్లు నేను విన్నది ఈ పిరికోణ్ణా?"

నాకు మొదటిసారి నోరు లేచింది. "ఆ చెప్పిన ఎవరో మీరే గదా శెట్టిగారూ. నేను పక్కనే ఉన్నాను."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నేను అభిమానినప్పా. అభిమాని వంద చెప్తాడు. వినమని ఎవురు చెప్పినారు?"

ఇలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. నేను లేచి వచ్చేశాను. ఆ సెట్టు ఎక్కడా అమ్ముడుపోలేదని తరువాత విన్నాం. పాతవాళ్లకు అది అంతకుముందు విన్నదే, కొత్తవాళ్లకు అక్కరలేనిది. కంపెనీ మళ్లీ వాళ్లను పిలవలేదు. చిన్నాయన మేళం వదిలి ప్రొద్దుటూరులో ఏదో పనిలో చేరాడని ఒకరన్నారు, కాదని ఒకరన్నారు. పాటలు కట్టేవాడు లేక మేళం పాతపాటలే పాడుకుంటూ తిరిగింది. ఈయన మాత్రం, "నేను అప్పుడే అనుకున్నా" అనేవాడు. ఏం అనుకున్నాడో ఎవరూ అడగలేదు.

ఆ తరువాత నేను అరుగు మీదికి పోవడం తగ్గించాను. ఒకనాడు చొక్కా గుడ్డ కావలసి మధ్యాహ్నం పోయాను. వానలు మొహం చాటేసిన ఏడు, ఎండ చైత్రంలోలాగే ఉంది. ఆయన తమ్ముడు గుడ్డ చించుతున్నాడు. ఆయన బీరువా తెరిచి, ఆ మొదట వచ్చిన ఒంటి ప్లేటు తీశాడు. కవరుతో సహా తీసుకుని అరుగు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాడు. నేను గుడ్డ తీసుకుని వెనకే పోయాను, కొలతలివ్వాలి కాబట్టి.

ఖాదర్ తలెత్తాడు. మిషను ఆపాడు.

"ఇది గీతలు పడింది," అన్నాడు ఆయన. ఒక్క గీత లేదు దాని మీద. "నా బీరువాలో చోటు లేదు. నువ్వు పెట్టుకో."

ఖాదర్ ప్లేటును చూశాడు. ఆయన దాన్ని చాచి పట్టుకున్నాడు, ఎన్నడూ ఎవరి చేతికీ ఇవ్వని మనిషి. ఖాదర్ చెయ్యి చాచలేదు.

"వద్దు శెట్టీ. నా కాడ గ్రామఫోను లేదు గదా," అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉన్న మాట చెప్పాడు. "ఆ పాటకు నాకు ప్లేటుతో పని లేదు."

చెప్పి మిషను తొక్కసాగాడు. తొక్కుతూ పాడాడు. మొదటి నుంచి, మెల్లగా, చేతిలో ఎవరిదో పిల్లగౌను తిప్పుకుంటూ. ఆయన వెనక్కి పోలేదు. నీడలోకీ రాలేదు. వీధి మధ్యలో ఒట్టికాళ్లతో నిలబడ్డాడు. వడ్ల బండి ఒకటి వచ్చింది, తోలేవాడు ఒకసారి అదిలించి, చేసేది లేక పక్కనుంచి తిప్పుకుని పోయాడు. ఖాదర్ చివరి చరణం దాకా పాడాడు.

"మూడో చరణంలో తప్పు పాడినావు," అన్నాడు ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఖాదర్ మాత్రం, "యాడ?" అన్నాడు.

"'ఒక్క గరిటె చాలు' అని ఉండాది ప్లేటులో. నువ్వు 'ఇంకొక్క గరిటె' అన్న్యావు."

"పాటలో ఆయమ్మకు ఒకటి చాలేమో," అన్నాడు ఖాదర్. "మా యమ్మ ఇంకొకటి అడిగింది. ఇంట్లో ఇద్దురు పిల్లోళ్లు ఉన్న్యారని."

ఆయన నోరు తెరిచాడు. ఏదో అనబోతాడనుకున్నాను, ఆయన అనకుండా ఉన్నదెప్పుడు?  ప్లేటును పొట్టకు ఆనించి పట్టుకున్నాడు, రెండు చేతులతో, చెమట చేతులతో. నాకు సరిగా వినపడనంత మెల్లగా అడిగాడు.

"పోసినారా?"

ఖాదర్ పిల్లగౌను మిషను కిందినుంచి తీసి, దారం పంటితో కొరికాడు.

"ఆ పొద్దు పోసినారు," అన్నాడు. తరువాత, "కాళ్లు కాలతాయి శెట్టీ, ఇట్ల నీడకు రాండి" అని కాళ్లతో తన పీటను కొంచెం పక్కకు జరిపాడు.